నేను కొట్టేసిన రిమార్కుల గడి

పీహెచ్‌డీ విద్యార్థులకు గైడుగా కొత్తగా కుర్చీలో కూర్చోబోయే వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నేను రీడర్ ఎప్పుడయ్యాను, ప్రొఫెసర్ ఎప్పుడయ్యాను, ఏ కమిటీలో ఎవరు అడ్డం పడ్డారు అన్న సంగతులు ఇందులో ఉండవు. అవి నాకే విసుగు. మైనింగ్ ఇంజనీరింగ్ విభాగంలో పాతికేళ్ళకు పైగా పనిచేశాను. పదకొండు మందిని పీహెచ్‌డీ దాకా నడిపించాను. ఇద్దరు మధ్యలో వదిలేసి పోయారు. ఈ పదమూడు మందిలో ఒక్కడి గురించే ఎక్కువ చెబుతాను. వాడి విషయంలో నేను చేసిన తప్పుకు బొగ్గు గనిలో మనుషుల ప్రాణాలు పోవలసింది. పోలేదు. ఇన్నేళ్ళయినా అది తలుచుకుంటే హమ్మయ్య అనే మాటే నోట్లోంచి వస్తుంది.

పెద్దసారు బీరువా

మాది మంథని దగ్గర ఒక ఊరు. ఇంట్లో అందరూ వరి పండించేవాళ్ళే. 1969 ఉద్యమంలో కాలేజీలు మూతబడి నేను నెలల తరబడి ఇంట్లో కూర్చున్నప్పుడు మా బాపు నన్ను పొలానికి తీసుకుపోయాడు. నేను చేసే పని రెండు రోజులు చూసి, "నువ్వు సదువుకోరా, గిది నీతోని కాదు" అన్నాడు. నేను ఇంజనీరు కావడం వెనక ఉన్న గొప్ప ప్రేరణ ఇంతే.

చదువయ్యాక అదే విభాగంలో లెక్చరర్‌గా చేరి, మా విభాగాధిపతి దగ్గరే పీహెచ్‌డీకి కుదిరాను. ఆయన్ని అందరం పెద్దసారు అనేవాళ్ళం. ఆయన తెలివికి వంక పెట్టలేను. కానీ చదవమని ఇచ్చిన కాగితమల్లా ఆయన గదిలోని ఇనుప బీరువాలోకి పోయేది. నా రెండో చాప్టర్ అందులో ఎనిమిది నెలలు ఉంది. అడిగితే "చూస్తున్నానయ్యా" అనేవారు. ఆ ఎనిమిది నెలల్లో నేను వాళ్ళింటికి వడ్లు మరపట్టించాను, వాళ్ళమ్మాయి పెళ్ళికి శుభలేఖలు పంచాను, రైలు టికెట్ల కోసం వరసలో నిలబడ్డాను. చివరికి ఒకరోజు బీరువా తెరిస్తే నా చాప్టర్‌కు చెదలు పట్టి ఉన్నాయి. ఆయన కాగితాలు దులిపి, "మళ్ళీ రాసెయ్, ఈసారి ఇంకా బాగా వస్తుంది" అన్నారు. నిజంగానే బాగా వచ్చింది. అయినా నేను ఆయన్ని క్షమించలేదు.

ఆ రోజే రెండు ఒట్లు పెట్టుకున్నాను. నా విద్యార్థితో ఇంటి పని చేయించను. వాడిచ్చిన కాగితాన్ని పది రోజుల్లో దిద్ది చేతిలో పెడతాను. రిటైరయ్యేదాకా ఈ రెండూ తప్పలేదు. ఇక్కడిదాకా చదివి నన్ను మెచ్చుకోకండి. తొందరగా దిద్దుతానన్నది నాకు పెద్ద గర్వమైపోయింది. కాగితం కనబడగానే చెయ్యి ఎర్ర కలం మీదికి పోయేది. నాకు అర్థం కానిదల్లా అనవసరమని తేల్చేవాణ్ణి. బీరువా కంటే ఎర్ర కలం మేలని ఇప్పటికీ అంటాను. కానీ కలం పట్టినవాడు గీత కొట్టే ముందు ఒక్క క్షణం ఆగి, ఇది ఎందుకు రాశావని అడగాలి. నేను అడగలేదు.

నస్పూర్‌లో రెండు గదులు

ఎనభైల మొదట్లో మా విశ్వవిద్యాలయం బొగ్గు గనుల దగ్గర ఒక పరిశోధన కేంద్రం పెట్టింది. కేంద్రం అనగానే పెద్ద భవనం ఊహించుకోకండి. నస్పూర్‌లో రెండు అద్దె గదులు, ఒక టైపు మిషను, ఒక జీపు. జీపు సగం రోజులు మంచిర్యాలలో మెకానిక్ దగ్గరే ఉండేది. నన్ను అక్కడికి పంపడం శిక్షేనని మావాళ్ళు గుసగుసలాడుకున్నారు. పెద్దసారు లేని చోటు ఏదైనా నాకు సెలవులాగే అనిపించింది.

రాజేశం అక్కడే నా దగ్గర చేరాడు. నస్పూర్ పక్కన బొగ్గు కంపెనీ క్వార్టర్లలో పుట్టి పెరిగినవాడు. సన్నగా, మాట తక్కువగా ఉండేవాడు. వాళ్ళ బాపు మల్లయ్య బాయిలో టింబర్ పని చేసేవాడు. మా వైపు బొగ్గు గనిని బాయి అంటారు. బొగ్గు తవ్వుకుంటూ పోయిన దారుల్లో పైకప్పు కూలకుండా కట్టె మొద్దులు దన్నుగా నిలబెట్టడమే టింబర్ పని. మల్లయ్య ఇనుప కడ్డీతో పైకప్పును తట్టి, చప్పుడు విని దాని సంగతి చెప్పేవాడు. గట్టిగా ఉన్న కప్పు ఖంగుమంటుంది, వదులైన కప్పు డొల్లగా పలుకుతుంది. ముప్పై ఏళ్ళు ఆ చప్పుడు విన్నవాడి కొడుకు, అదే బాయిలో పైకప్పు ఎంత కదులుతుందో కొలిచి పీహెచ్‌డీ చేస్తానని వచ్చాడు. ఇంతకంటే మంచి విద్యార్థి నాకు దొరకడనుకున్నాను. ఆ ఒక్క విషయంలో నా అంచనా తప్పలేదు.

కొలత సంగతి కొంచెం చెప్పాలి. పైకప్పులో ఒక మేకు కొడతాం, దానికి సరిగ్గా కింద నేలలో ఇంకో మేకు కొడతాం. వారానికోసారి రెండింటి మధ్య దూరాన్ని ఒక కొలత కడ్డీతో కొలుస్తాం. దూరం తగ్గుతోందంటే పైకప్పు కిందికి దిగుతోందని అర్థం. తగ్గకపోతే కప్పు గట్టిగా ఉన్నట్టు. ఒక పొడవాటి దారిలో వరసగా ఇరవై చోట్ల మేకులు కొట్టించాం. రాజేశం తలకు టోపీ లైటు పెట్టుకుని, ఒక్కో మేకు కింద నిలబడి కొలిచి, పుస్తకంలో రాసుకునేవాడు.

రెండు నెలలయ్యాక మొదటి పుస్తకం తెచ్చి చూపించాడు. తేదీ, మేకు నంబరు, దూరం, తేడా. ఈ నాలుగు గడులూ నేను చెప్పినవే. ఐదో గడి తానే గీసుకున్నాడు. దాని మీద రిమార్కులు అని రాసి, ఆ చోట కంటికి కనబడ్డవన్నీ అందులో పెట్టాడు. ఇక్కడ నీళ్ళు కారుతున్నాయి, ఇక్కడ బొగ్గు టబ్బు పట్టాలు తప్పింది, ఇక్కడ ఎవరో కూర్చుని సద్ది తిన్నారు. చదువుతుంటే నాకు చిరాకు ఎక్కువైంది. పైకప్పు కదలికకూ ఎవరి సద్దికీ ఏం సంబంధం? ఐదో గడి పొడుగునా ఎర్ర గీత కొట్టి, పక్కన 'అనవసరం' అని రాశాను. అంకెలు రాయమన్నాను, కథలు వద్దన్నాను. రాజేశం "సరే సార్" అన్నాడు. ఆ తర్వాతి పుస్తకాలన్నింటిలో నాలుగు గడులే ఉన్నాయి.

విద్యార్థి 'సరే సార్' అన్నప్పుడు మనం చెప్పింది వాడికి ఒప్పయిందని మనం అనుకుంటాం. మనం పెద్దవాళ్ళమని ఒప్పుకున్నాడు, అంతకు మించి ఏమీ లేదు. ఈ తేడా తెలియడానికి నాకు ఇంకో మూడేళ్ళు పట్టింది.

ఉత్తరం

మూడేళ్ళ అంకెలు చాలా అందంగా వచ్చాయి. ఇరవై మేకుల్లో ఎక్కడా చెప్పుకోదగ్గ కదలిక లేదు. గ్రాఫు గీస్తే గీతలన్నీ దాదాపు బల్లపరుపుగా ఉన్నాయి. పైకప్పు అంత గట్టిగా ఉన్నప్పుడు అన్ని దన్నులు ఎందుకని నేనే ముందు అన్నాను. ఆదిలాబాద్ అడవుల నుంచి మంచి కట్టె రావడం కష్టమవుతున్న రోజులవి. బాయి మేనేజరు చెవిన ఆ మాట పడగానే మమ్మల్ని పిలిపించి చాయ్ పోయించాడు. మీ లెక్కలు గట్టివైతే ఒక ఉత్తరం రాసివ్వండి, దన్నుకూ దన్నుకూ మధ్య దూరం పెంచుదాం, ముందు ఒక్క దారిలో చేసి చూద్దాం, పైవాళ్ళ అనుమతి సంగతి నాకు వదిలెయ్యండి అన్నాడు.

ఒక పరిశోధన పూర్తికాకముందే పనికొచ్చిందంటే ఏ గైడుకైనా కాళ్ళు నేల మీద ఆనవు. రెండు పేజీల ఉత్తరం నేనే స్వయంగా టైపు చేశాను. సంతకం పెట్టి, కవరు అంటించి, రాజేశానికి ఇచ్చాను. వాడు రోజూ పొద్దున బాయికి పోతాడు కాబట్టి మేనేజరు చేతికే ఇమ్మన్నాను. వాడు కవరు వైపు కొంచెంసేపు చూసి, సరే సార్ అని బ్యాగులో పెట్టుకున్నాడు.

మర్నాడే నేను పరీక్షల పని మీద కరీంనగర్ పోయాను. అక్కడ కనబడ్డ ప్రతివాడికీ మా పైకప్పు గురించి చెప్పాను. మా మేనమామ కొడుకు సిమెంటు వ్యాపారి, అతనికి కూడా చెప్పాను. పదకొండో రోజు పొద్దున నస్పూర్ వచ్చేసరికి, గది ముందు మెట్ల మీద రాజేశం కూర్చుని ఉన్నాడు. చేతిలో ఆ మొదటి పుస్తకం ఉంది.

నేను తాళం తీస్తుండగానే, "సార్, మన రీడింగులు పనికిరావు" అన్నాడు.

మూడేళ్ళ తర్వాత చెప్పే మాటేనా ఇది అని గట్టిగానే కసిరాను. వాడు పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టాడు. నా ఎర్ర గీత కింద, వాడి చిన్న అక్షరాల్లో, ఏడో మేకు దగ్గర ఇలా ఉంది: కొత్తగా రెండు కట్టెలు నిలబెట్టారు. రెండు వారాల తర్వాత తొమ్మిదో మేకు దగ్గర: ఇక్కడ కూడా రెండు. దాని తర్వాత నేను రాయించిన నాలుగు గడులే. చాప్టర్ రాయడం కోసం పాత పుస్తకాలు తిరగేస్తుంటే ఇది కంటపడిందని చెప్పాడు. కింద నిలబడినప్పుడు చుట్టూ కట్టెలు కనబడుతూనే ఉండేవట, కప్పు బాగా లేదని, షిఫ్టులో మనుషుల భద్రత చూసే సర్దార్ పెట్టించి ఉంటాడనుకునేవాడట. అనుమానం వచ్చాక దారంతా నడిచి లెక్కపెట్టాడు. మేకులు లేని చోట దన్నులు రూలు ప్రకారం ఉన్నాయి. మేకులున్న ఇరవై చోట్లా అటొకటి ఇటొకటి ఎక్కువ ఉన్నాయి.

అంటే మూడేళ్ళుగా మేము కొలిచింది ఆ బాయి పైకప్పును కాదు. ఎవరో పనిగట్టుకుని అదనంగా దన్ను పెట్టిన ఇరవై చోట్లను కొలిచాం. వాటిని చూసి దారంతా గట్టిగా ఉందని నేను సంతకం పెట్టాను.

ఎవరు పెట్టారని అడిగాను. రాజేశం నేల చూపులు చూశాడు.

"మా బాపు సార్. గా దిక్కు సెకండ్ షిఫ్ట్‌ల టింబర్ పని ఆయనదే. కట్టె మీద గొడ్డలి గాటు చూస్తె నాకు ఎర్కైతది. మన మేకులు ఖరాబ్ కావద్దని పెట్టిండనుకుంటున్న. ఇంక అడగలే."

బ్యాగులో పదకొండు రోజులు

ఆ క్షణంలో నాకు థీసిస్ గుర్తు రాలేదు. ఉత్తరం గుర్తొచ్చింది. ఇచ్చి పదకొండు రోజులైంది. ఒక్క దారిలో దన్నులు తీసి దూరం పెంచడానికి పదకొండు రోజులు చాలా ఎక్కువ. నేను స్కూటర్ వైపు పరుగెత్తాను. వెనక నుంచి రాజేశం సార్ సార్ అని పిలుస్తూనే ఉన్నాడు. అప్పుడు కూడా నేను వాడి మాట వినలేదు చూడండి.

ల్యాంప్ రూంలో టోపీ లైటు తీసుకుని ఏటవాలు దారి వెంబడి దిగాను. దన్నుల దూరం పెంచుదామన్న దారిలో షిఫ్టుకు ఎంతమంది పనిచేస్తారో, ఎవరెవరికి చిన్న పిల్లలున్నారో అనే ఆలోచనలే బుర్రలో తిరుగుతున్నాయి. ఆ దారి మొదట్లో నిలబడి మొదటి దన్ను నుంచి రెండో దన్నుకు అడుగులు వేశాను. మళ్ళీ రెండో దాని నుంచి మూడో దానికి. దూరం పాతదే. నమ్మకం కుదరక చివరిదాకా అడుగులు వేసుకుంటూ పోయాను. ఒక్క కట్టె కూడా కదల్లేదు.

అప్పటికి రాజేశం ఆయాసపడుతూ వచ్చాడు. బ్యాగులోంచి కవరు తీసి నా చేతిలో పెట్టాడు. అంచులకు బొగ్గు దుమ్ము అంటింది, నేను అంటించిన జిగురు అంటించినట్టే ఉంది. పక్కన పేర్చిన కట్టెల మీద కూలబడిపోయాను. ఏడ్చాను కూడా. ఇప్పుడు చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. ఆ రోజు కలిగినంత ఊరట నా జీవితంలో మళ్ళీ కలగలేదు.

ఎందుకివ్వలేదని అడిగాను.

"మనసొప్పలే సార్. మా బాపు అన్నం తినుకుంట రోజు అంటడు, గా దిక్కు కప్పు మంచిగ లేదని. మన లెక్కలేమో మంచిగున్నదంటున్నయి. రెండిట్ల ఏదో ఒకటి తప్పు. ఏదో తెలిసేదాంక ఇయ్యద్దనుకున్న."

"మరి నాతోనన్నా చెప్పాలి కదా?"

"మీతోని చెప్పుడు భయమైంది సార్" అన్నాడు. "చిట్టీ ఇచ్చుడు అంతకన్న భయమైంది."

ఈ మాట మీరు రాసుకోండి. నాకు గైడుగా పేరుండేది. కాగితం పది రోజుల్లో దిద్దుతానని, ఇంటి పని చేయించనని చుట్టుపక్కల కాలేజీల్లో కూడా చెప్పుకునేవాళ్ళు. అంత మంచివాడినైన నాతో, సార్ మీరు తప్పు అని చెప్పడం కంటే ఉత్తరాన్ని పదకొండు రోజులు దాచడం నా విద్యార్థికి తేలికైంది. ఆ దాచడం వల్ల మనుషులు బతికారు. వాడి స్థానంలో ఇంకొకడు ఉండి ఉంటే, నేను చెప్పినట్టే చేసి ఉంటే, ఇవాళ ఈ వ్యాసం రాసే ముఖం నాకు ఉండేది కాదు.

క్వార్టర్‌లో చాయ్

బాయి నుంచి పైకి వస్తూ రాజేశం ఒక్కటే అడిగాడు. వాళ్ళ బాపు పేరు బయటికి రావద్దు. కంపెనీ కట్టెను చెప్పకుండా వాడినందుకు చార్జిషీటు ఇస్తారు, ఆయన రిటైర్ కావడానికి ఇంకా ఏడాదే ఉంది. మూడేళ్ళ పని మట్టిలో కలిసిన రోజున కూడా వాడికి తన థీసిస్ కంటే ఆ భయమే ఎక్కువగా ఉంది.

మేనేజరు దగ్గర తప్పంతా నాదేనని చెప్పాను. కొలిచే చోట చుట్టూ ఏముందో రాయించకపోవడం గైడుగా నా పొరపాటని చెప్పాను. అది అబద్ధం కూడా కాదు. ఆయన మొహం మాడ్చుకున్నాడు. మూడేళ్ళు బాయిలో తిరిగి చివరికి ఇదా చెప్పేది అన్నాడు. అనవలసిన మాటే కాబట్టి పడ్డాను. ఇంకో ఏడాదిన్నర కొలుచుకోవడానికి మాత్రం ఒప్పుకున్నాడు.

ఆ సాయంత్రం మల్లయ్యతో మాట్లాడటానికి వాళ్ళ క్వార్టర్‌కు పోయాను. రాజేశం వాళ్ళమ్మ చాయ్ తెచ్చి ఇచ్చింది. మల్లయ్య మంచం అంచు మీద కూర్చున్నాడు. ఆయన సాయం వల్ల మూడేళ్ళు పోయాయని నేను చెప్పలేదు. చెప్పే ధైర్యం కొడుకుకూ లేదు, నాకూ లేదు. కొత్తగా మేకులు కొడుతున్నాం, వాటి దగ్గర అదనంగా కట్టెలు పెట్టవద్దు, మేకులకు ఏమీ కాదు, వాటి ఫికర్ చెయ్యకండి అని మాత్రం చెప్పాను. ఆయన తల ఊపాడు.

"ఒక్కో మేకు కాడ వాడు ఎంతసేపు నిలబడుతడు సార్?" అని అడిగాడు.

పావుగంట పడుతుందన్నాను.

"జర జల్ది రాయమనుండ్రి" అన్నాడు.

కొడుకు చదువు ఎప్పుడు పూర్తవుతుందా అని తొందరపడుతున్నాడనుకుని నవ్వాను. గుమ్మం దగ్గర నిలబడ్డ రాజేశం నవ్వలేదు.

వదిలేసి పోయినవాడు

కొత్త కొలతలు మొదలైన నాలుగు నెలలకు రాజేశం ఇక మానేస్తానన్నాడు. ఫెలోషిప్ గడువు అయిపోయింది, ఈడువాళ్ళందరూ ఉద్యోగాల్లో ఉన్నారు. వాడికంటే ముందు సుధాకర్ అని ఒకడు ఉండేవాడు. తండ్రి పోతే చదువు మధ్యలో ఆపి బ్యాంకు ఉద్యోగానికి పోయాడు. నేను వాణ్ణి అందరి ముందు పిరికివాడన్నాను. ఆరేళ్ళ తర్వాత కరీంనగర్ బస్టాండులో ఎదురుపడి, నా సంచీ అందుకుని పెద్దపల్లి బస్సులో సీటు పట్టి కూర్చోబెట్టాడు. ఇద్దరు చెల్లెళ్ళ చదువులు పూర్తి చేయించానని చెప్పాడు. బస్సు కదిలేదాకా కిటికీ దగ్గరే నిలబడ్డాడు. నేను మాత్రం క్షమించమని అడగలేకపోయాను.

అందుకే రాజేశం మానేస్తానన్నప్పుడు నోరు అదుపులో పెట్టుకున్నాను. వెళ్ళాలనిపిస్తే వెళ్ళు, నీ మీద నాకు కోపం ఉండదు, నువ్వు ఉండిపోతే మాత్రం నీతో పాటు నేనూ బాయికి వస్తాను అన్నాను. వాడు రెండు రోజులు కనబడలేదు. మూడో రోజు కొత్త పుస్తకం కొనుక్కుని వచ్చాడు. ఐదు గడులు గీసి ఉన్నాయి. నా వైపు చూశాడు. నేను ఎర్ర కలం జేబులోంచి తీయలేదు.

పాత మేకుల దగ్గర మల్లయ్య పెట్టిన కట్టెలు అలాగే ఉండనిచ్చాం. కొత్త మేకులు మామూలు చోట్ల కొట్టాం. వారానికోసారి ఇద్దరం కలిసి దిగేవాళ్ళం. ఒక వానాకాలంలో కొత్త మేకుల దగ్గర దూరం గబగబా తగ్గడం మొదలైంది. అదే వారం మల్లయ్య కూడా కడ్డీతో తట్టి, చప్పుడు మారిందని సర్దార్‌కు చెప్పాడు. రాజేశం అంకెలు, వాళ్ళ బాపు చెవి మొదటిసారి ఒకే మాట చెప్పాయి. సర్దార్ మనుషులను బయటికి తీసి దారికి అడ్డం కట్టించాడు. మూడో రోజు దన్నులు రెండు నడుముకు విరిగి, కప్పు ముక్క కూలింది. కింద ఎవరూ లేరు. అది దూరం పెంచని దారి. పెంచి ఉంటే ఏమయ్యేదో నేను ఆలోచించదలుచుకోలేదు.

వైవా

థీసిస్ పూర్తయ్యేసరికి మల్లయ్య రిటైరయ్యాడు. వైవా రోజున తెల్ల ధోవతి కట్టుకుని, కొడుకు వద్దంటున్నా వచ్చి ఆఖరి వరసలో కూర్చున్నాడు. కొడుకును ప్రశ్నలు అడుగుతారని విన్నాడట, ఒక్కణ్ణి పంపడం ఇష్టం లేకపోయింది.

పరీక్షకు వచ్చిన ప్రొఫెసర్ తెలుగువాడే, చాలా ఏళ్ళుగా బయటి రాష్ట్రంలో పనిచేస్తున్నవాడు. అదనపు దన్నులున్న చోటికీ లేని చోటికీ తేడా చూపించే అధ్యాయం దగ్గర ఆగాడు. థీసిస్ మొత్తానికి ప్రాణం అక్కడే ఉంది. ఈ ఇరవై చోట్ల ఎక్కువ దన్నులు ఎవరు పెట్టారు, అక్కడే ఎందుకు పెట్టారు అని అడిగాడు. పుస్తకంలో పేరు లేదు.

రాజేశం ఒకసారి వెనక్కి చూసి, మా బాపు పెట్టాడు సార్ అన్నాడు. అందరం ఆఖరి వరస వైపు తిరిగాం. మల్లయ్య తనను తప్పు పట్టారనుకుని లేచి చేతులు కట్టుకున్నాడు. ప్రొఫెసర్ ఆయన్ని కూర్చోమని, మేకులు పాడవకుండా పెట్టారా అని మర్యాదగా అడిగాడు. మేమంతా ఇన్నేళ్ళూ అనుకున్నది అదే.

"మేకులతోని నాకేం పని సార్" అన్నాడు మల్లయ్య. "గా దిక్కంత కప్పు గట్లనే ఉండె. అంతట ఎక్కువ పెడదామంటె కట్టె లేదు. మావోడు నిలబడి రాసే కాడ పెట్టిన."

జర జల్ది రాయమనుండ్రి అని ఆయన క్వార్టర్‌లో ఎందుకన్నాడో నాకు అప్పుడు అర్థమైంది. కట్టెలు వద్దని నేను చెప్పి వచ్చిన రోజు నుంచి ఏడాదిన్నర పాటు, కొడుకు బాయి దిగిన ప్రతిసారీ ఆ మనిషి ఇంట్లో ఎలా కూర్చున్నాడో కూడా అర్థమైంది. రాజేశం మా వైపు వీపు పెట్టి బోర్డు తుడవడం మొదలుపెట్టాడు. దాని మీద ఏమీ రాసి లేదు. ప్రొఫెసర్ థీసిస్ మూసి, తనకు ఇంకేమీ అడగవలసింది లేదన్నాడు.

ఆ మొదటి పుస్తకం రాజేశాన్ని అడిగి తీసుకున్నాను. ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది. ఎర్ర గీత కింద వాడి అక్షరాలు ఇంకా చదవడానికి వీలుగానే ఉన్నాయి. వాడి తర్వాత నా దగ్గరికి వచ్చిన ప్రతి విద్యార్థికీ మొదటి పుస్తకంలో ఐదో గడి నేనే గీసిచ్చాను. అక్కడ ఏం రాయాలి సార్ అని అడిగేవాళ్ళు. కనబడ్డదల్లా రాయమన్నాను. ఎవరు ఎక్కడ కూర్చుని సద్ది తిన్నారో అది కూడా రాయమన్నాను.